గురక

ఎనుమాముల మార్కెట్ రెండో గేటుకు ఎదురుంగ
నా మందుల దుకాణం.
మిర్చి సీజన్ల
గల్లపెట్టెల నోట్లు సుత తుమ్మిస్తయి.

పందొమ్మిదేండ్ల సంది నా చేతిల ఆడింది ఒక్కటే కత్తెర.
షీటు మొత్తం కొనేటోడు ఎవడిక్కడ?
రెండు కొయ్యి, నాలుగు కొయ్యి అంటరు.
కోస్తుంటె మందు పేరు నడిమికి తెగేది.
ముందటి సగం ఒకనికి, ఎనుకటి సగం ఇంకొకనికి.
ఎంత దాటితె పానం మీదికొస్తదన్న ముచ్చట
అట్టడబ్బలనే ఉండిపోయేది.

ఓదెలు చీటీ నాకింకా కండ్లల్లనే ఉన్నది.
నాలుగు మడతలు.
మడత కాడ డాక్టరు సంతకం అరిగింది,
రాసినాయన బదిలీ అయి మూడేండ్లు.
'ఐదు రోజులు' అని ఉన్నకాడ
చెమట తాకి ఐదు పోయింది,
రోజులు మిగిలినయి.

బస్తా ఎత్తే ముందు ఒకటి.
దించినంక ఒకటి.
పత్తి లారీలొచ్చిన్నాడు లెక్కనే లేదు.
"నడుం నాది గాదన్నట్టుంటది సేటూ" అని నవ్వేటోడు.
నేనూ నవ్విన.
చిల్లర లెక్కవెట్టి ఇచ్చిన.

శివరాత్రి ఎల్లిన నాలుగొద్దులకు
భూలచ్చి వచ్చి చెప్పింది, ఏడ్వకుంట:
"ఆ రాత్రి గురక వెట్టిండు.
ఏడాది సంది కునుకు లేనోడు,
గోడకానుకొని తెల్లారగట్టినోడు.
గురక ఇని సంబురపడ్డ.
పోరగాండ్లను లొల్లి చెయ్యొద్దన్న.
లైటు బంద్ చేసిన.
నాలుగింటికి గురక ఆగింది.
ఇగ మంచిగ పండిండు అనుకున్న."

కత్తెర సొరుగుల వేసిన.
మంచోణ్ణయినందుకు గాదు,
చెయ్యి వణికింది.
పక్క దుకాణపాయన ఆ నెలనే ఫ్రిజ్ కొన్నడు.

అప్పటి సంది చీటీ లేనోనికి గోలి ఇయ్య, మాట చెప్త.
తంబాకు నలుపుకుంట ఇనేటోడు ఇంటడు.
ఈ మందు మీద ఆ మందు పొయ్యకు.
నిద్రగోలి కలుపకు.
సోపతిగాని జేబుల గోలి నీ నడుముకు రాసింది గాదు.
పక్కపొంటి పన్నోని గురక ఇను.
గొంతుల నీళ్లు బుడబుడమన్నట్టుంటె,
ఊపిరికి ఊపిరికి నడుమ
నువ్వు పది లెక్కవెట్టేటంత జాగ ఉంటె,
నేరేడుపండు తినకుంటనే పెదవులు నీలమైతె
పండనియ్యకు, లేపు.
లేవకుంటె నూటెనిమిదికి కొట్టు.
పక్కకు ఒరిగించు, ఇడిసిపెట్టి పోకు.
మింగిన గోలి షీటు డాక్టరుకు చూపియ్యి.
ఇజ్జత్ సంగతి తెల్లారి చూసుకోవచ్చు.

కార్తీకంల ఒకరాత్రి ఒకటిన్నరకు ఫోను.
హమాలీల రూం నుంచి అఫ్సర్.
"సేటూ, మొండన్న గురక నువ్వు చెప్పిన తీరుంది."
ఫోన్లకెల్లి నాకూ ఇనవడ్డది,
ఎండిన బోరుల పైపు గుంజే సప్పుడు.

ఎంజీఎంల సూది ఇచ్చిన్రు.
కండ్లు తెరిసి మొండయ్య మొదలు తిట్టే తిట్టిండట.
అంత మంచి తిట్టు నేను పుట్టి ఇనలే.

పదిరోజులకు మళ్ల కౌంటర్ కాడ నిలవడ్డడు,
నడుం పట్టుకొని.
బస్తా బరువు తగ్గించే గోలి ఏ కంపెనీ చెయ్యలే.
మంగళారం పెద్ద డాక్టరు కాడికి తోల్కపోత అన్న.
"మంగళారం కూలి నువ్విస్తవా?" అన్నడు.
ఇచ్చిన.
తర్వాతి మంగళారం సుత.
మూడోసారి ఆయన రాలే.
ఏడున్నడో అఫ్సర్‌ను అడుగాలె.

భూలచ్చి ఇప్పుడు మార్కెట్ల తాలుకాయ ఏరుతది.
నిన్న దగ్గుకు మందు అడిగింది.
చెయ్యి సొరుగు దిక్కు పోయి ఆగింది.
షీటు మొత్తం ఇచ్చిన.
వెలుతురుకు పట్టి చూసి
"పేరు సదువు" అన్నది.
సదివిన.
"అది గాదు,
ఎనుక చిన్నగ రాసిందంత సదువు."