మధ్యలో ఎవరు

తొంభై ఏడులో, హీయుమా దీవిలో,
మా లైబ్రరీకి కంప్యూటరు పడవెక్కి వచ్చింది.
రెండు దుప్పట్లలో చుట్టి
బాలింతను దించినట్టు దించారు.
వంటల పుస్తకాల బీరువా జరిపి చోటు చేశాను.

ఫోను తీగ దానికీ నాకూ ఒకటే.
అది మాట్లాడుతున్నంతసేపూ
ఊళ్లో ఎవరికీ నేను దొరకను.
కీచుమని, గరగరమని, గొంతు సవరించుకుని
ఆఖరికి ఊరుకుంటే
వచ్చేసిందని అర్థం.
ఏం వచ్చింది అంటే చెప్పలేను.

అప్పట్లో దాని దగ్గరికి వెళ్లేవాళ్లు.
పాలకేంద్రం వైకె మంచి కోటు తొడుక్కుని వచ్చేది,
అల్లిక నమూనాలు చూడటానికి.
తెర ముందు కూర్చోబోతూ చేతులు కడుక్కునేది.
"ఇది అయిపోతే మళ్లీ ఎప్పుడు తెస్తారు?" అని అడిగింది.
నేను నవ్వలేదు.
పడవ రాకపోతే ఉప్పు కూడా అయిపోయే ఊరు మాది.

ఎల్మార్ వలలు బాగుచేసే మనిషి.
టోపీ తీయకుండా నిలబడి
తెరను కాదు, వెనకనున్న తీగను చూశాడు.
"మధ్యలో ఎవరు చదువుతారు?" అన్నాడు.

వాళ్లన్న సైబీరియా నుంచి రాసిన ఉత్తరాలు
అంటించిన చోటే మళ్లీ అంటించి వచ్చేవి,
సగం వాక్యాల మీద నల్లసిరాతో.
"ఆ రోజులు పోయాయి ఎల్మార్,
ఇది తిన్నగా వెళ్తుంది, మధ్యలో ఎవరూ ఉండరు" అన్నాను.
నాకు నేర్పడానికొచ్చిన తాలిన్ అమ్మాయి మాటే అది,
పొల్లు పోకుండా అప్పజెప్పాను.
పిల్లలు కిసుక్కుమన్నారు.
నేనూ.

చలికి సముద్రం గడ్డకడితే
అవతలి ఒడ్డుకి మంచు మీదే కారు నడిపేవాళ్లం.
బెల్టు పెట్టుకోకూడదు,
తలుపు గడియ వేయకూడదు,
విరిగితే దూకాలి.
కింద నీళ్లున్నాయని అందరికీ తెలిసిన దారి.
దీని కింద ఏముందో ఎవరూ చెప్పలేదు.
మేమూ అడగలేదు.
అడిగిన ఒక్కణ్ణి చూసి నవ్వాం.

ఎప్పుడు మారిందో చెప్పలేను,
తేదీ ముద్ర కొట్టడానికి అదేం పుస్తకం కాదుగా.
ఒక ఏడాది జనం రావడం తగ్గింది.
అది వాళ్ల వంటింట్లోకి వచ్చింది, తర్వాత జేబులోకి,
తర్వాత దిండు కిందికి.
"ఇంటర్నెట్‌కి వెళ్లొస్తా" అనే మాట
ఎవరూ పాతిపెట్టకుండానే పోయింది.
వెళ్లాలంటే బయట ఉండాలి కదా.

మొన్న వైకె వచ్చింది.
నేను రిటైరై ఆరేళ్లు, అయినా నా దగ్గరికే.
కోటు లేదు, కాళ్లకి ఇంటి చెప్పులు.
ఫోను బల్ల మీద బోర్లా పెట్టి
గొంతు తగ్గించి చెప్పింది:
"మోకాలు నొప్పని మా పిల్లితో అన్నాను.
ఎక్కడా రాయలేదు.
తెల్లారేసరికి మోకాలి పట్టీల బొమ్మలు చూపిస్తోంది.
దీనికి ఎవరు చెప్పారు? పిల్లా?"

తెలీదన్నాను.
కావాలంటే ఆ తాలిన్ అమ్మాయి మాట ఇంకా నోటికొచ్చు.
అనలేదు.

ఆమె వెళ్లాక పాత నోటుపుస్తకం తీశాను.
తొలి ఏడాది వచ్చినవాళ్లు అడిగినవన్నీ రాసుకున్నాను అందులో:
రాత్రి మూస్తారా, వానకి తడుస్తుందా,
చనిపోయినవాళ్ల ఫోటోలు ఉంటాయా.
ఎల్మార్ అడిగింది లేదు.
అది ప్రశ్న అనుకోలేదు నేను.
అతను పోయి పదకొండేళ్లు.

పెన్సిలు చెక్కి, వానకీ ఫోటోలకీ మధ్య ఇరికించి
రాశాను, పేరుతో సహా.

ఈ ఏడు కూడా సముద్రం గడ్డకట్టలేదు.
శనివారం పడవకి
ఫోన్లోనే టికెట్టు కొన్నాను.