వంపు దగ్గర

అడుగంటే ఇక్కడ అంగుళంలో మూడు ఎనిమిదోవంతులు.
కాటా గదిలో ముప్పయ్యేళ్ళు
టన్నులూ క్వింటాళ్ళూ రాసిన చేతికి
ఈ లెక్క పట్టుబడ్డానికి
ఒక వర్షాకాలం పట్టింది.

రెండడుగుల దారి
ముప్పాతిక అంగుళంలోకి దిగింది.
సైకిల్ చువ్వలు పట్టాలు,
ఐసు పుల్లలు స్లీపర్లు,
జల్లెడ పట్టిన ఇటుకపొడి కంకర.
పాత టేప్ రికార్డర్ పొట్ట కోసి
మోటారు తీసి ఇంజన్లో కుట్టాను.
పెళ్ళిళ్ళలో సన్నాయి తిప్పిన మోటారు
ఇప్పుడు చెరకు లాగుతోంది.

వరహాలు మేడెక్కి వచ్చి
చీపురు నా ముందు పెట్టింది.
"రోజురోజుకీ చిక్కిపోతోంది,
దీనికేమైనా జబ్బా?"
అప్పటికే నా కొలతలో పది సెంట్ల తోట
పుల్లా పుల్లా నాటేశాను.
ఆకులకి జనప నార,
ఆకుపచ్చ కోసం ఆవిడ చీర రంగుపొట్లం.
అది మాత్రం చెప్పలేదు.

కాలవ నీళ్ళు వార్నిష్.
ఏడు పూతలు, పూతకో చిటికెడు ఇటుకపొడి,
జూలై నెల ఎరుపు రావాలని.
మట్టి మాత్రం అసలుదే,
కాలవలు కట్టేసిన ఎండాకాలం
లాకుల కింద తవ్వి తెచ్చాను.
మట్టిని చిన్నది చెయ్యడం ఎవడి తరమూ కాదు.
ఎండితే నెర్రె ఇచ్చింది,
రెండంగుళాల నా కూలీ
నిలువునా పట్టేంత.
దోమలూ అంతే,
సొంత సైజులోనే వచ్చి
బండి మీద కాకుల్లా వాలతాయి.

అసలు దారి మీద ఇప్పుడు చేపల చెరువులు.
పట్టాలు పీకి కిలోల లెక్కన అమ్మిన రోజు
ఆ తూకం రాసిందీ నేనే.
రసీదు మీద నా సంతకం
ఎప్పటికంటే బాగా కుదిరింది.

మొన్న ఏసుపాదం వచ్చాడు,
పాయింట్ల దగ్గర పనిచేసిన ముత్తాబత్తుల ఏసుపాదం.
కుర్చీ వేస్తే కూర్చోలేదు.
మోకాళ్ళ మీద వంగి
కళ్ళు బల్ల ఎత్తుకి తెచ్చుకున్నాడు.
నేనెప్పుడూ పైనుంచే చూశాను,
బంగళా మేడ మీంచి మేనేజరు చూసినట్టు.
అతను చూస్తున్న చోటి నుంచి
చెరకు తల మీదికి వస్తుంది కాబోలు.

బండి రెండు చుట్లు తిరిగింది.
"బాగుందండి," అన్నాడు.
కాసేపాగి, "తప్పండి," అన్నాడు.
"వంపు దగ్గర మన బండి ఇలా పోయేదాండి?
ముక్కేది. మూలిగేది.
ముసలెద్దులా తల ఊపేది.
ఇంత సాఫీగా పోతే
పిల్లకాయలు గెడ ఎలా లాగుతారండి?"

తరుగు గడిలో రోజూ రాసేవాణ్ణి,
నాలుగు క్వింటాళ్ళు,
ఎండకి ఆరింది, అని.
శ్రావణంలో కూడా.

"ఆ వంపులో మేకు,"
అన్నాడు ఇంజన్ వైపే చూస్తూ,
"నేనే వదులు చేసేవాణ్ణండి.
పొద్దున్న కొట్టేవాణ్ణి, సాయంత్రం లేపేవాణ్ణి.
మా పేట పిల్లలు
బడి వదిలాక అక్కడే ఉండేవారండి."

నేనేమీ అనలేదు.
పట్టకారు తీసి అతని చేతిలో పెట్టాను.
ఆ వేళ్ళు వణుకుతాయని భయపడ్డాను.
వణకలేదు.
చువ్వ కింద ఊపిరంత సందు చేసి
"ఇప్పుడు వదలండి," అన్నాడు.

బండి తోట దాటింది,
తూము దాటింది,
వంపు దగ్గర ఆగినంత పని చేసి
ఎడం భుజం దించి, ఎత్తి, మళ్ళీ కదిలింది.
మూడో ట్రక్కులోంచి
ఒక పుల్ల జారి గట్టున పడింది.

ఏసుపాదం దాన్ని రెండు గోళ్ళతో తీశాడు.
అటూ ఇటూ చూసి
పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

అతను మెట్లు దిగి వెళ్ళాక
పాత నోటుపుస్తకం వెతికి
తేదీ వేశాను.
తరుగు: ఒక గెడ.
కారణం గడిలో, ఎండకి ఆరింది.
కిటికీ వేసొచ్చాను,
జల్లు లోపలికి కొడుతోంది.