ఒకటి, మూడు, నాలుగు, రెండు

మూడోసారి తెచ్చింది విమలాబాయి మేడం
తెల్ల జెన్నును మా కవాడిగూడ షెడ్డుకు.
మూడోసారి కూడా అది నా ముందట
ఇన్‌స్పెక్షన్ దినం పిల్లగాని లెక్క
చేతులు కట్టుకొని నిలబడ్డది.
ఇంజన్ మీద రూపాయి బిళ్ల నిలువుగా పెట్టిన.
పడలె.

"నౌబత్ పహాడ్ ఎక్కేటప్పుడు తప్పుతది బాబూ.
రోజూ కాదు.
సోమవారం తప్పింది, మంగళవారం మంచిగుంది,
బుధవారం సిగ్నల్ దాకా తప్పుకుంటనే వచ్చింది."

పెద్ద సర్వీసోళ్లు రెండువేల ఎనిమిదివందల బిల్లు రాసి
"ఏం లేదు మేడం" అన్నరట.
ఇంట్ల సారు పేపర్ దించకుండ
"నీ చెవులల్ల ఉంది" అన్నడట.
నా నోటిదాకా గూడ అదే మాట వచ్చింది, అబద్ధమెందుకు.

అప్పుడు ఆమె బానెట్ మీద గోళ్లతోటి కొట్టింది:
టక్ టక్ టక్ టక్
టక్ టక్ టక్ ...
టక్ టక్ టక్ టక్

"చిక్కడపల్లిల టైపు నేర్పుత, ముప్పై ఏండ్ల సంది.
ఇరవై మిషన్లు ఒక్కసారే మోగుతుంటే
గోడదిక్కు తిరిగి చెప్త,
ఎవరి చిటికెనవేలు తప్పిందో.
ఇక్కడా గంతే. తప్పేది ఒక్కటే వేలు.
ఎప్పుడూ అదే."

ఎప్పుడూ అదే అంటే
పెట్రోల్ల నీళ్లు కాదు, ఫిల్టర్ కాదు.
ఆ కచరా ఉంటే నాలుగూ దగ్గుతయి.
ఒకటి, మూడు, నాలుగు, రెండు:
మంట తిరిగే వరుస ఇది,
గఫార్ ఉస్తాద్ స్పానరు కన్న ముందు నేర్పిన ఎక్కం.
ఇండ్ల ఎవడో ఒకడు పంక్తిల కూసుండి
అప్పుడప్పుడు ముద్ద ఎత్తుతలేడు.

ప్లగ్గులు ఇప్పి చూసిన, నాలుగూ ఇటుక రంగే.
కంప్రెషన్ కొలిచిన, అన్నదమ్ములు సమానం.
ఒక్కొక్క వైరు పీకిన,
పీకినప్పుడల్ల ఇంజన్ అంతే కుంగింది.
జబ్బు ఇంటికాడ మరిచి వచ్చిన రోగి ఇది.
బయట మధ్యాహ్నపు ఎండ,
సిమెంటు మీద నూనె మరకలు సుత ఎండిపోయినయి.

"మేడం, తప్పిన పొద్దున మబ్బుండెనా?"
సంచిల నుంచి షార్ట్‌హ్యాండ్ పుస్తకం తీసింది.
కోడిగీతలు. నాకేమర్థమైతయి.
వేలు పెట్టి చదివింది:
"సోమవారం ముసురు. బుధవారం ముసురు.
పోయిన నెల పదకొండు, కారు కడిగించిన తెల్లారి."

నాకు నవ్వొచ్చింది.
"రాత్రి దాక ఉంటరా?" అన్న.

ఎనిమిదింటికి షట్టరు సగం దించినం.
ఎల్లేషుగాడు పక్క మంగలిషాపుల
నీళ్లు చిమ్మే సీసా అడుక్కొచ్చిండు.
బల్బు ఆర్పిన. బానెట్ ఎత్తిన.
చీకట్ల ఇంజన్ తిరుగుతున్నది
ఒకటి మూడు నాలుగు రెండు
ఒకటి మూడు నాలుగు రెండు
నీళ్లు కొట్టుమన్న, పొగమంచు లెక్క, జర్ర.

"అదీ!" అన్నది మేడం.
నేనింక చూడలె.
ఆమె మాట తర్వాతనే కనబడ్డది
రెండో వైరు మెడకాడ, క్లిప్పు రాసుకునే తావుల,
నీలం పురుగు ఒకటి
పగులుల నుంచి బయటికి పాకి
ఇనుము మీదికి దూకి సచ్చిపోతున్నది.
మల్ల దూకుతున్నది.
ప్లగ్గుకు పోవాల్సిన మెరుపు
దొంగదారి పట్టింది.
తడి ఉంటే దానికి తొవ్వ, తడి ఆరితే తలుపు బంద్.

ముగ్గురం మాట్లాడలె కొంచెంసేపు.
ఎల్లేషుగాడు "ఇంకోసారి కొట్టాలె అన్నా?" అన్నడు.
అవసరం లేదు గాని, కొట్టుమన్న.

వైర్ల సెట్టు నాలుగువందల ముప్పై.
చేతికూలి వద్దన్న, సగం పని ఆమెదే.
ఆమె వినలె, లెక్కపెట్టి ఇచ్చింది.
పాత వైరు అడిగి తీసుకున్నది,
పేపర్ల చుట్టి సంచిల పెట్టుకుంట
"సారు చాయ్ కప్పు పక్కన పెడత" అన్నది.

గురువారం ముసురు పట్టింది.
పానా చేతుల పట్టుకొని
టేబుల్ మీది ఫోన్ దిక్కు రెండుమూడు సార్లు చూసిన.
మోగలె.
మా పనిల శభాష్ అట్లనే వస్తది.