నడిమి అంకె

హెల్సింగోర్‌లో నవంబరంటే
మూడున్నరకే దీపాలు.
కిటికీ అవతల స్వీడన్ పడవ ఒకటి
పొగమంచులో కూత వేసుకుంటూ పోతోంది.
నా బల్ల మీద చింతగింజంత చిప్పు.

చెవి వెనక తగిలించుకునే యంత్రంలో దాని కాపురం.
తిండి, వారానికో బొత్తాం బ్యాటరీ.
పని, వచ్చే చప్పుళ్ళలో తొమ్మిదింటిని పట్టి
చిన్నా పెద్దా వరస పెట్టి
నడిమిదాన్ని చెవిలోకి పంపడం.
కొత్తది ఒకటి లోపలికి, పాతది ఒకటి బయటికి,
మళ్ళీ వరస.
సెకనుకి పదహారు వేల సార్లు.

ఇంగెలిసె పసిపిల్లల బడిలో వండుతుంది, కడుగుతుంది.
పింగాణీ మీద పింగాణీ పడ్డప్పుడల్లా
తలలో మేకు దిగినట్టుంటుందట.
ఆవిడ కోసమే ఈ వరస.
బ్యాటరీ మాత్రం మూడో రోజుకే చచ్చిపోతోంది.

తప్పు నాదే.
ప్రతి జత దగ్గరా ఆగి అడగమన్నాను:
ఇది పెద్దదా? అయితే అటు. కాదా? అయితే ఇటు.
ఈ జాతి చిప్పుకి ప్రశ్నంటే గిట్టదు.
రాబోయే అడుగులన్నీ ముందే ఎత్తిపెట్టుకుని పరిగెడుతుంది.
"అయితే" అనగానే
ఎత్తిన కాళ్ళన్నీ దించి, దారి మార్చుకుని,
మొదటికొస్తుంది.
ప్రశ్నకి నాలుగు సైకిళ్ళు దండగ.
ఈ దేశంలో సైకిలు దండగ చేస్తే
పాపం తగులుతుంది.

ఒక మధ్యాహ్నం ఆ వంటశాలకే వెళ్ళాను.
ఇంగెలిసె తొట్టిలోంచి రెండు చేతులా రెండు పళ్ళాలు తీస్తుంది.
చిన్నది ఎడమకి, పెద్దది కుడికి.
చూడదు. ఆగదు.
నాతో వాళ్ళ చెల్లెలి మోకాలి నొప్పి గురించి చెబుతూనే ఉంది.

ఆ రాత్రి ప్రశ్నలన్నీ చెరిపేశాను.
ఇద్దరిలో చిన్నవాణ్ణి ఇవ్వు, పెద్దవాణ్ణి ఇవ్వు.
అంతే, రెండే మాటలు.
ఎవరు నెగ్గినా అడుగులు అవే, పట్టే కాలం అదే.
తొమ్మిదికీ కలిపి ఇరవై అయిదు పోలికలు.

పక్క బల్ల మోయెన్స్ చల్లారిన కాఫీ తాగుతూ,
"నీక్కావలసింది నడిమివాడే కదా, సిసెల్.
చివర ఉన్నవాళ్ళు తమలో తాము
ఎవరు ముందో తేల్చుకోకపోతే నీకేం?" అన్నాడు.
నిజమే.
పంతొమ్మిదికి దిగింది.
బ్యాటరీ ఆరు రోజులు నిలిచింది.
మోయెన్స్ కేకు తెచ్చాడు.

ఇంగెలిసె వచ్చి కోటు విప్పకుండానే కూర్చుంది.
పళ్ళాలు నోరు మూసుకున్నాయి, దండం పెట్టాలి నీకు, అంది.
కాసేపు ఊరుకుంది.
"ఇల్యాస్ అని ఓ పిల్లాడున్నాడు.
మన భాష ఇంకా రాలేదు వాడికి.
ఇంకో గంటె జావ కావాలంటే
వడ్డన కిటికీ మీద చెంచాతో రెండుసార్లు కొడతాడు.
వారంగా రావట్లేదు, అలవాటు పడ్డాడులే అనుకున్నా.
వాడు వస్తూనే ఉన్నాడట."

రాత్రి ఆ లెక్కంతా మళ్ళీ తిరగేశాను.
ఎక్కడా తప్పు లేదు.
వాడి చెంచా వచ్చిన ప్రతిసారీ
పంతొమ్మిది పోలికల్లో న్యాయంగా నెగ్గి
చివరికి వెళ్ళి నిలబడింది.
చివర నిలబడ్డవాళ్ళని పారేయమన్నది నేనే.

తొమ్మిది కాదు, అయిదు చాలన్నాను.
అయిదులో నడిమివాడికి ఏడు పోలికలు.
బ్యాటరీ ఎనిమిదో రోజు కూడా దాటింది,
దాని గురించి ఎవరం మాట్లాడుకోలేదు.

వంటశాలలో పళ్ళాలు కొంచెం కొంచెం తిరిగొచ్చాయి.
గుచ్చుకుంటోందా, అనడిగాను.
గుచ్చుకుంటోంది, ఉండనీ, అంది ఇంగెలిసె,
సబ్బు నురగ మోచేతులదాకా.

తొట్టిలో నీళ్ళు పడుతున్నాయి.
నాకేమీ వినపడలేదు.
ఆవిడ చెయ్యి తుడుచుకుని
వెనక్కి తిరిగి
గంటె అందుకుంది.