ఆరున్నొకటి

మలక్‌పేట గంజిలో మా నాయన
ఇరవై రెండేళ్లు మానికతో గింజలు కొలిచిండు.
మొదటి మానికను ఒకటి అనడు. లాభం అంటడు.
లాభం, రెండు, మూడు...
ఏడు దగ్గర నాలుక మడిచి
ఆరున్నొకటి అంటడు.
గింజల ముందట ఏడు అనొద్దు బిడ్డా,
అంటే ఏడుపే మిగుల్తది.

ఆ గంజికి కూతవేటు దూరంలో
ఆసుపత్రి నేలమాళిగ. జనరేటర్ పొగ, చలిగాలి,
ఒక బీరువాలో పన్నెండు డిస్కులు.
ఎవరి మోకాళ్లో, ఎవరి కిడ్నీల్లో రాళ్లో,
ఇంకా పేరు పెట్టని పిల్లల తలకాయలో,
నలుపూ తెలుపూ బొమ్మలన్నీ
ముక్కలు ముక్కలై పన్నెండింట్లో పంచుకొని ఉన్నయి.
ఒకటి పోతే మిగిలినవి దాని మాట అప్పజెప్పుతయి.
రెండు పోతే ఎవరూ చెప్పలేరు.

ఏడో డిస్కు పోయేటట్టుందని తెర చెప్పింది.
పోలేదు. పోయేటట్టుంది.
ముఖం మీద మాత్రం పచ్చదీపమే,
జ్వరం దాచుకొని బడికొచ్చిన పిల్లలాగ.

కొత్త డిస్కు చంకన పెట్టుకొని
వేలితో లెక్కబెట్టిన.
లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు,
ఆరున్నొకటి.
గుంజిన.

బీరువా కీచుమంది.
యంత్రం లాభంతో మొదలుపెట్టదు,
సున్నాతో మొదలుపెడుతుంది.
నా చేతిలో ఉన్నది ఆరు.
వెచ్చగా, ఏ రోగమూ లేకుండా,
ఇంకా లోపల తిరుగుతూ ఉంది.

భయానికి దాన్ని మళ్లీ దాని గదిలోకే తోసిన.
అర నిమిషమే బయట ఉన్నది.
తెర దాని పక్కన రాసింది: పరాయిది.

నుజ్హత్ మేడమ్‌కు ఫోన్ చేసిన.
ఆమె అంబర్‌పేటలో, నేను ఇటుపక్క,
మధ్యన మూసారాంబాగ్ వంతెన మీద నీళ్లు.
ఆమె తిట్టలేదు. అదే ఎక్కువ భయమేసింది.
"పరాయిదాన్ని తీసి పక్కన పెట్టు. దేన్నీ చెరపకు.
కొత్తదాన్ని ఆరో గదిలో పెట్టు.
ఇగ ఏడే మొయ్యాలె.
ముట్టుకోకు దాన్ని, గట్టిగా దగ్గకు కూడా."

ఒక శాతం.
వాచ్‌మన్ బుచ్చిలింగం వచ్చి
మెట్ల దాకా నీళ్లొచ్చినయా అని చూసిపోయిండు.
పదకొండు శాతం. ఏడు చదువుతోంది.
పోయేటట్టున్నదే చదువుతోంది,
తనకు తెలిసిన ప్రతి గీతా, ప్రతి ఎముకా,
తడబడి, వెనక్కి పోయి, మళ్లీ చదివి.
తప్పుల లెక్క నలభై, నలభై మూడు, అరవై.
నలభై తొమ్మిది శాతం దగ్గర
పదిహేడు నిమిషాలు ఆగిపోయింది.
నేనూ ఆగిపోయిన.
పైన ఎవరో ముసలాయన దగ్గు
లిఫ్టు గొట్టంలోంచి దిగి వచ్చింది.
తర్వాత యాభై.

తెల్లారి ఆరున్నరకు ఆరో గది పచ్చబడింది.
మేడమ్ ఫోన్‌లోనే:
"ఇప్పుడు ఏడును మెరిపించు. లెక్కబెట్టకు. మెరిపించు."
కమాండ్ కొట్టిన. ఎనిమిదో డబ్బా మీద
నీలి దీపం రెప్పలార్పింది, ఇక్కడే ఇక్కడే అని.
తీసిన. చల్లబడేదాకా చేతిలోనే పట్టుకున్న.
నిన్న రాత్రి నేను గుంజిన ఆరును
ఆ ఖాళీలో పెట్టిన. పాత గుర్తు ఇప్పుడు చెరపమన్నది.
కాసేపటికి పరాయిది అన్న మాట పోయింది,
తిరిగి పని మొదలుపెట్టింది.

రిజిస్టర్‌లో ఒక గడి ఉంది, మార్చిన కారణం అని.
ఆరు: పొరపాటున గుంజిన.
అట్లనే రాసిన. సంతకం కొంచెం వంకర పోయింది.
తర్వాత తెల్ల ప్లాస్టర్ అడిగి తెచ్చి
డబ్బాల మీద వరసగా అంకెలు అతికించిన.

వంతెన తెరిచినంక మేడమ్ వచ్చింది,
చెప్పులు చేత పట్టుకొని, సల్వార్ అంచులు బురద.
మొదటి డబ్బా ముందు వంగి చూసింది.
సున్నా పక్కన చిన్నగా రాసి ఉంది.
"ఈ లాభం ఏంది? బిల్లులో లేదే?"