కంగారు

దేవరకొండ దవాఖాన్ల రాసిచ్చిన కాయితం మీద
కిలో ఎనిమిది వందల యాభై.
ఎనిమిదో నెల నిండకముందే పుట్టింది,
ఏడిస్తే పిల్లికూన తీరు.

మూడో రోజు నేను పోయేసరికి
మోత్యా తండాల పుష్యమాసపు చలి
రేకుల మీంచి బొట్టుబొట్టు కారుతున్నది.
ధర్మి మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టింది.
అర్ర నిండ పొగ.
కుంపటి బయట పెట్టవ్వా, అంటే
నువ్వెంతమందిని కన్నవ్, అన్నది.
ఇద్దర్ని.
ఆమె తొమ్మిది.
మిగిలినోళ్లెందరో నేనడగలే,
ఆమెనే వేళ్లు ఒక్కొక్కటి ముడిచి చూపించింది.

హస్లికి ఇంకా జరం, గోలీలు నడుస్తున్నయ్,
కూసుంటే కండ్లు తిరుగుతున్నయ్.
మరి ఎవరు?
గుమ్మంల రూప్ల నిలబడ్డడు.
పుణె పని ఇడిసి రాత్రి బస్సుకు దిగిండు,
గోర్ల సందుల సిమెంటు ఇంకా పోలే.

ట్రైనింగుల చెప్పిందే చెప్పిన:
దీన్ని కంగారు పద్ధతి అంటరు.
"కంగారు పడకుమంటవ్, మళ్ల కంగారే చెయ్యమంటవ్,
ఏం చదువక్కా నీది?"
ఆ జంతువును నేను మాత్రం చూసిన్నా?
పుస్తకంల బొమ్మ.
కోడి పొదుగుతది చూడు, గట్ల, అన్న.

అంగీ గుండీలిప్పి
చేతులు మోటుగున్నయని ఎనకకు దాసుకున్నడు.
పిల్లను నేనే ఎదమీద బోర్లించిన,
నెత్తికి టోపీ, కాళ్లకు మేజోళ్లు,
హస్లి పాత ఓణీతోని ఇద్దర్నీ కలిపి కట్టిన.
పచ్చి స్లాబు మీద నడిచేటోడి లెక్క
ఊపిరి బిగవట్టిండు.
ఊపిరి తీస్కో తమ్మీ,
అది నీ ఊపిరి ఇంటున్నది.

ఏడో రోజు బరువు తగ్గింది.
తిరిగొచ్చే తొవ్వంత కంగారు నాదే.
హస్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతోని పోసింది,
రెండు గంటలకోసారి, అలారం పెట్టుకొని.
పద్నాలుగో రోజుకు పుట్టినప్పటంత.

ఇరవై ఒకటో రోజు
ధర్మి నోటిమీద వేలు పెట్టుకొని ఎదురొచ్చింది.
లోపల రూప్ల గోడకు ఒరిగి గురక,
ఎదమీద పిల్ల.
మేస్త్రి ఫోను మంచం మీద మోగి మోగి ఆగింది.
కుంపటి వాకిట్ల ఉన్నది,
దానిమీద జొన్నరొట్టె.

నలభై రెండో రోజు
దూలానికి తూకం ఏలాడదీసి
సంచిల పండబెట్టిన.
ముల్లు ఎరుపు దాటింది.
పచ్చదాక పోలే.
పసుపు మీద ఊగి ఊగి నిలబడ్డది.
ఇంకా చూస్కోవాలె, అన్న.
"పసుపే గద బిడ్డా,"
అన్నది ధర్మి.