ముందరి నీళ్లు

జూన్. వార్డోలో సూర్యుడు దిగడం మానేసి అయిదు వారాలు.
ఎడమకంటి మీదికి ఉన్నిటోపీ లాక్కుని వచ్చాడు నీలాస్.
“కళ్లకలక అన్నారు. మలాం రాశా. తగ్గలేదు.”

కలకైతే పుసి కట్టేది.
ఇది నల్లగుడ్డు చుట్టూ
గోరింట పెట్టినట్టు ఎరుపు.

గడ్డం ఆనించమని, వెలుగును సన్నగా చీల్చాను.
తలుపుసందు ఎండలో నలుసుల్లా
కంటి ముందరి నీళ్లలో తెల్లకణాలు.
ఇరవై దాకా లెక్కపెట్టి ఆపేశాను.
కంటిపాప గుండ్రంగా లేదు.
ఒక పక్క కటకానికి అతుక్కుంది,
అడుగంటిన అన్నంలా.

“పొద్దున్నే నడుం పట్టేస్తుందా?”
కంటికొస్తే నడుం అడుగుతుందేమిటన్నట్టు చూశాడు.
తర్వాత మెల్లిగా, “పదేళ్లుగా. వలలు లాగి అనుకున్నా.
మా నాన్న వంగే నడిచేవాడు.”

గంటకో చుక్క, సీసా బాగా కుదిపి.
“రాత్రిళ్లు?”
“మెలకువగా ఉన్నంతసేపు.”
ఇద్దరం కిటికీ వైపు చూసి నవ్వాం.

పాపను విప్పే చుక్క నేనే వేశాను.
ముప్పావుగంటకి అతుకు ఊడింది, ఒక్కచోట తప్ప.
అక్కడ మిగిలిన గోధుమరంగు మరక
పోదని కూడా చెప్పాను.

రక్తపరీక్ష కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.
బయట అర్ధరాత్రి ఎండ.
విచ్చుకున్న పాపతో గుమ్మం దాటలేకపోయాడు.
నా నల్ల కళ్లద్దాలు ఇచ్చాను.
చీకటి పడగానే తిరిగిస్తానన్నాడు.
అంటే, ఆగస్టు.